గాజు పెరిగింది

ఇందుమతి పుట్టింటి చలిమిడి తీసుకుని రామచంద్రపురం వెళ్లిన రోజు, చలిమిడి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ ఆమె తెచ్చిన గాజు మీదే ఉన్నాయి.

"ఇదేం గాజండీ వదినగారూ?" అంటూ వియ్యపురాలు వీరవేణి దాన్ని వీధి గుమ్మం దాకా తీసుకెళ్లి వెలుగులో తిప్పి చూసింది. "మెరుపు లేదు, చుక్క లేదు. సెలైన్ గొట్టం వంచి చేసినట్టుందండి బాబూ."

పేరంటానికి వచ్చినవాళ్లు ఘొల్లుమన్నారు. కుర్చీలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న లహరి కూడా నవ్వింది. అయిదో నెల. కడుపు ఇంకా చీర కుచ్చిళ్ల వెనక దాక్కునే ఉంది.

ఇందుమతికి కోపం రాలేదు. ఆ గాజు కోసం ఆమె తన నడివయసంతా కాకినాడలోని ప్రయోగశాలలో ఖర్చు పెట్టింది. దాని అందం గురించి అక్కడ ఒక్కరోజు కూడా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సిందేమో అని ఇప్పుడనిపించింది.

లహరి ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలూ మరిదీ ఒకే ప్రమాదంలో పోతే, మూడేళ్ల పిల్లను తెచ్చుకుని పెంచింది. పెద్దమ్మా అనే పిలుస్తుంది. ఆ పిలుపులో పెద్ద ఎప్పుడో అరిగిపోయి అమ్మ మాత్రం మిగిలింది. అందుకే చలిమిడి కూడా ఆమే తెచ్చింది.

"అందానికి కాదు వదినగారూ," అంది ఇందుమతి, లహరి ఎడమచెయ్యి పట్టుకుని వేళ్లు ముడిచి గాజు ఎక్కిస్తూ. "బియ్యం దంచితే తవుడు రాలుతుంది చూడండి, అలాగే ఒంట్లో ఎక్కడైనా చెడ్డ గడ్డ మొదలైతే దాని పొట్టు రక్తంలో రాలుతుంది. అందులో ఏ కాస్తో చెమటలోకి వస్తుంది. ఆ కాస్తనీ ఈ గాజు పట్టుకుని మాకు కబురు పంపిస్తుంది."

"చెడ్డ గడ్డంటే?"

"అదే. కడుపుతో ఉన్నవాళ్లలో వెయ్యిమందిలో ఒకరికి క్యా..."

"వద్దొద్దు!" వీరవేణి చెయ్యి అడ్డం పెట్టింది. "దీపాలు పెట్టే వేళ, పచ్చటి పిల్ల ముందు ఆ మాట అనకండి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారండి. ఆ జబ్బు అనండి, చాలు. మాకు తెలుస్తుంది."

పేరంటాళ్లు కూడా తలలూపారు. వాళ్లతో వాదించడానికి అది వేళ కాదు. పైగా ఇందుమతి పెరిగిన ఇంట్లోనూ అంతే.

"సరే, ఆ జబ్బే," అంది.

గాజు మణికట్టు దగ్గర ఆకుపచ్చ మట్టిగాజుల మధ్య సర్దుకుని కూర్చుంది. వీరవేణి దాని వంక ఇంకోసారి చూసి, "పోన్లెండి, ఆకుపచ్చ గాజుల మధ్య కలిసిపోయింది," అని ఒప్పుకుంది.

* * *

రెండు జిల్లాల్లో పదివేలమంది గర్భిణులు ఆ గాజు వేసుకున్నారు. పుట్టుమచ్చంత కూడా లేని బ్యాటరీ కాన్పు దాకా ఆగాలి. అందుకని ఇందుమతి దానికి ఒక నియమం పెట్టింది. బాగున్నంతకాలం గాజు నోరెత్తదు. తేడా కనిపెట్టిన రోజున మాత్రమే కబురు పంపుతుంది. మాట లేకపోతే మంచిమాటే అన్నమాట. ఇంట్లో నోరెత్తని కోడలు మంచి కోడలైనట్టు, అని శేషగిరి వెక్కిరించాడు. శేషగిరి ఆమె భర్త, ఓడరేవు కార్యాలయంలో ఉద్యోగి.

అయితే అందులో ఒక చిక్కుంది. బాగున్న మనిషి చేతికున్న గాజూ నోరెత్తదు, పగిలి చెత్తబుట్టలో పడ్డ గాజూ నోరెత్తదు. ప్రయోగశాలకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. అందుకని వారానికోసారి అందరికీ ఫోన్ చేసి గాజు ఎలా ఉందని అడగడానికి ఒక మాట్లాడే యంత్రాన్ని తయారు చేశారు. దానికి పెద్దముత్తయిదువ గొంతు పెట్టారు. ఆడవాళ్లే దానికి గాజులత్త అని పేరు పెట్టుకున్నారు. కొందరు దానితో ధరల గురించీ, తోడికోడళ్ల గురించీ కూడా చెప్పుకునేవారు. అది అన్నీ విని, తనకి కావలసిన ముక్క మాత్రం రాసుకునేది.

పథకం మొదలై ఏడాది తిరిగేసరికి గాజులు తొమ్మిదిమంది పేర్లు చెప్పాయి. ముగ్గురికి రొమ్ములో. ఇద్దరికి గర్భసంచి ముఖద్వారంలో. ఇద్దరికి థైరాయిడ్‌లో. ఒకరికి అండాశయంలో, ఒకరికి రక్తంలోనే. ఆ తొమ్మిదిమందిలో ఎవరికీ తమకి జబ్బుందని తెలీదు. నీరసం, వాంతులు, నడుంనొప్పి, రొమ్ముల బరువు, ఇవన్నీ కడుపుతో ఉన్న మనిషికి ఉండేవేగా అనుకున్నారు. డాక్టర్లూ అలాగే అనుకున్నారు. గర్భం మంచి ముసుగు. దాని వెనక ఏ జబ్బయినా కూర్చోవచ్చు.

"పదివేలకి పది అనుకున్నాం, తొమ్మిది వచ్చింది. ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు ప్రయోగశాల అధిపతి రంగప్రసాద్. సమావేశం బల్ల మీద మిఠాయి పొట్లం విప్పి ఉంది.

"ఆ పదో మనిషి ఏమైంది సార్?" అంది ఇందుమతి.

"ఏమిటండీ మీరు, కొట్లో సరుకు కొన్నట్టు! వెయ్యికి ఒకటంటే కాటా పెట్టి తూచి ఇస్తారా? ఏడూ రావచ్చు, పదమూడూ రావచ్చు."

అది ఆమెకీ తెలుసు. ఆయనకంటే ఎక్కువే తెలుసు. అయినా కాజా తీసుకున్న చెయ్యి నోటిదాకా పోవడానికి కాస్త ఆలస్యమైంది.

ఆ రోజు మధ్యాహ్నమే లహరి ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, పాలగడ్డ కట్టిందే. అప్పుడే పాలేంటని నేనూ, ఏడో నెలలో కొందరికి కడతాయని అత్తయ్యా. రోజూ వేడి కాపడం పెడుతున్నారు. కాలి చస్తున్నాను."

"నొప్పిగా ఉందా?"

"అదే, నొప్పేం లేదు. చేతికి తగుల్తోంది, అంతే."

ఇందుమతి ఫోన్ చెవికి ఆనించుకునే కంప్యూటర్‌లో లహరి పేరు తెరిచి చూసింది. వరస మొత్తం ఆకుపచ్చగా ఉంది. గాజు ఉంది. కాస్త వదులు. కబురేమీ లేదు. ఆమె భుజాలు దిగాయి.

"నీ గాజు ఏమీ అనలేదు. భయపడకు. ఎందుకైనా మంచిది, మీ డాక్టరమ్మకి చూపించు."

"చూపించాను. పాలగడ్డే అంది. పెద్దమ్మగారి గాజుందిగా, ఇంకేం అని కూడా అంది."

ఇద్దరూ నవ్వుకున్నారు.

* * *

ఆ ఆదివారం ఉదయం ఇందుమతి వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసింది. అడుగున నాలుగు గింజలున్నాయి.

"ఏవండీ, బియ్యం రాలేదా?"

"రాలేదు," అన్నాడు శేషగిరి హాల్లోంచి. "నువ్వు చెప్పావా?"

"గురువారమే చెప్పాను."

ఆ నెలలోనే వాళ్లు వంటింట్లో సరుకుల పెట్టె పెట్టించుకున్నారు. ఏది తక్కువైందో దానితో అంటే చాలు, మర్నాటికి కొట్టువాడు తెచ్చి గుమ్మంలో పెడతాడు. శేషగిరి లేచి వచ్చి దాన్ని నిలదీశాడు.

"ఏమమ్మా, మా ఇంట్లో బియ్యం సంగతేంటి?"

"మీ ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నాయండి," అంది పెట్టె వినయంగా. "గురువారం అమ్మగారు చెప్పారు."

శేషగిరి భార్య వంక చూశాడు. "నువ్వేమని చెప్పావు?"

"ఏమని చెబుతాను? బియ్యం నిండుకున్నాయి అని."

అతను ఫక్కున నవ్వాడు. గోడకి చెయ్యి ఆనించి మరీ నవ్వాడు. "నిండుకున్నాయంటే నిండిపోయాయని రాసుకుంది పాపం! దానికి అమ్మా అమ్మమ్మా ఉన్నారా, లేవు అనకూడదని నేర్పడానికి? నీ గాజులత్తకీ దీనికీ చుట్టరికమేమో చూడు. పద, ఉప్మా చేసుకుందాం."

ఇందుమతి కూడా నవ్వింది. నవ్వుతూనే కొలత గ్లాసు డబ్బాలో వెయ్యబోయి ఆగింది.

బియ్యం లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. దీపం ఆరింది అనరు, కొండెక్కింది అంటారు. తాళి తెగింది అనరు, పెరిగింది అంటారు.

గాజు పగిలింది అనరు.

గ్లాసు గట్టు మీద పెట్టి ఆమె ఫోన్ అందుకుంది. అవతల కౌశిక్ ఇంకా నిద్రలో ఉన్నాడు. గాజులత్తకి మాటలు నేర్పింది అతనే.

"కౌశిక్, ఎవరైనా గాజు పెరిగింది అంటే గాజులత్త ఏమని రాసుకుంటుంది?"

"పెరిగిందంటే... సైజు పెరిగింది, వదులైంది అని మేడం. ఎందుకు?"

"నీ చేతిలో గాజు పగిలితే నువ్వేమంటావు?"

"పగిలింది అంటాను."

"మీ అమ్మగారు?"

అవతల పక్కబట్టలు జరిగిన చప్పుడైంది.

"మా అమ్మ... పెరిగింది అంటుంది మేడం," అన్నాడు కౌశిక్. "వస్తున్నాను. పదిహేను నిమిషాలు."

ప్రయోగశాలకి వెళ్లే దారిలో ఇందుమతికి గుర్తొచ్చింది. గాజులత్త ఏ మాట వింటే గాజు పోయినట్టు లెక్క వేయాలో రాసిచ్చింది తనే. పగిలింది, విరిగింది, చిట్లింది, పోయింది, ముక్కలైంది. బల్ల ముందు కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, శ్రద్ధగా రాసింది. తన నోట ఏనాడూ రాని మాటలన్నీ రాసింది. వచ్చే మాట ఒక్కటీ రాయలేదు.

* * *

గాజు పెరిగింది అన్నవాళ్లు మూడువందలమందికి పైనే తేలారు.

కౌశిక్ తెర మీద పేర్లు కిందికి జరుపుతున్నాడు. ఇందుమతి వెనక నిలబడి చూస్తోంది. పిఠాపురం, తుని, కోరుకొండ, ద్రాక్షారామం. ఆమె కళ్లు ఒక పేరు కోసం వెతుకుతున్నాయి. ఆ పేరు రాకూడదనీ వెతుకుతున్నాయి.

వచ్చింది.

"వినిపించు," అంది.

గాజు తొడిగిన మూడోవారం నాటి ఫోన్ అది. గాజులత్త ముద్దుగా పలకరించింది. "బాగున్నారా అమ్మా? గాజు ఎలా ఉంది?"

వీరవేణి గొంతు పలికింది. పక్కన ఎవరూ వినకుండా మాట్లాడుతున్నట్టు మెల్లగా ఉంది. "కోడలు పడుకుందండి, నేను అత్తగార్ని. గాజు పెరిగిందండి. గడప దాటుతుంటే తలుపు తగిలి... అపశకునంలా ఉందని నాకు ఒకటే గుబులు. ముక్కలు తులసికోటలో వేసేసేనండి. మా వదినగారికి మాత్రం చెప్పకండేం. ఆవిడ చేత్తో తొడిగేరు, బాధపడతారు."

"చాలా సంతోషం అమ్మా!" అంది గాజులత్త. "ఈ నెలల్లో పెరగడం సహజమే. మంచి ఆహారం తీసుకోండి."

తర్వాతి వారాల్లోనూ ఫోన్ వీరవేణే ఎత్తి, అలాగే ఉందండి అని చెప్పింది. కౌశిక్ తల వంచుకున్నాడు. ఇందుమతి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ వారంలోనే లహరి పాలగడ్డ అంటే, తెరమీద ఆకుపచ్చ రంగు చూసి, భయపడకు అంది తను. ఆ డాక్టరమ్మ కూడా ఆ గాజు ధైర్యంతోనే చేతులు దులుపుకుంది. పగిలిన గాజు మీద ఇద్దరూ భరోసా పెట్టుకున్నారు. గాజు అసలు లేకపోయి ఉంటే, ఏ డాక్టరైనా ఓసారి స్కాన్ రాసి ఉండేది.

"మేడం, అందరికీ ఇప్పుడే ఫోన్ చేయిస్తాను," అన్నాడు కౌశిక్.

"గాజులత్త చేత వద్దు. మనుషుల చేత చేయించు. గాజు చేతికి ఉందా లేదా అని అడగమను. ఎలా ఉందీ అని అడగొద్దు."

* * *

వీరవేణి వాకిట్లో ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తోంది. చెప్పాపెట్టకుండా వచ్చిన వియ్యపురాలిని చూసి కంగారుగా లేచింది.

"రండి రండి వదినగారూ. ఏంటండీ, ఒక్క ఫోన్ చేస్తే కోడిని కోయించేదాన్నిగా!"

"లహరి ఏదండీ?"

లహరి గదిలోంచి వచ్చింది. ఎడమచేతికి గాజులు నిండుగా ఉన్నాయి, అన్నీ మట్టిగాజులే. ఇందుమతి ఆ చెయ్యి పట్టుకుని చూసింది. వీరవేణి పైటకొంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"చెప్పాలనే అనుకున్నానండి."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేనండి! మీ గాజులత్తకి చెప్పేను. చాలా సంతోషం అందండి." వీరవేణి గొంతులో నిజంగానే నిష్ఠూరం ఉంది. "అపశకునం కాదన్నమాట, వీళ్ల గాజుల్లో ఇదే మంచి శకునం కాబోలు అనుకున్నాను. ఆ రాత్రి నిద్రపట్టింది నాకు."

ఇందుమతి లహరి చెయ్యి వదల్లేదు.

గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి, తనే చేత్తో చూసింది. గడ్డ గట్టిగా ఉంది. వేళ్ల కింద జరగడం లేదు. నొప్పి లేదని లహరి మళ్లీ చెప్పింది, అదేదో మంచి విషయమన్నట్టు. చంకలో ఇంకొకటి, చిక్కుడుగింజంత, చేతికి తగిలింది. సంచిలో కొత్త గాజు ఉంది. అది కబురు పంపడానికి వారం పడుతుంది. ఇందుమతి సంచి తెరవనే లేదు.

"చీర మార్చుకో. కాకినాడ వెళ్దాం."

"ఇప్పుడా? ఆయన రాలేదు."

లహరి భర్త మణికంఠ బియ్యం మిల్లులో మేనేజరు. ఒంటినిండా తవుడుతో అలాగే వచ్చి కారెక్కాడు.

స్కాన్ తీశారు. సూది గుచ్చి ముక్క తీశారు. అవేవీ కడుపులో బిడ్డకి హాని చేసేవి కావు. ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో లహరి కాకినాడలోనే పెద్దమ్మ ఇంట్లో ఉంది. సాయంత్రాలు శేషగిరితో చదరంగం ఆడి గెలిచింది. బియ్యం కొట్టుకెళ్లి శేషగిరే తెచ్చాడు. సరుకుల పెట్టె తీగ పీకి అటక మీద పెట్టేశాడు.

* * *

ఫలితం చేతికొచ్చిన రోజు, ఆసుపత్రి వరండాలో మణికంఠ ఇందుమతిని పక్కకి పిలిచాడు. అతని వెనకే వీరవేణి.

"పెద్దత్తయ్యగారూ, తనకి ఇప్పుడే చెప్పొద్దండి. గడ్డలో చీము పట్టింది, మందు ఎక్కించాలని చెబుదాం. కాన్పయ్యాక చూద్దాం."

"జుట్టు ఊడిపోతుంది మణికంఠా. చీముకి జుట్టు ఊడుతుందా?"

"ఏదో ఒకటి చెబుదామండి," అంది వీరవేణి. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "ఆ మాట వింటే పిల్ల గుండె ఆగిపోతుందండి. కడుపులో పిల్ల కూడా వింటుందంటారు. మీకు దణ్ణం పెడతాను వదినగారూ, ఆ మాట మాత్రం అనకండి."

ఇందుమతి వరండా చివర కిటికీలోంచి చూసింది. లహరి బెంచీ మీద కూర్చుని కడుపు మీద చెయ్యేసుకుని ఎవరో పిల్లవాడికి బిస్కట్టు ఇస్తోంది. మూడేళ్లప్పుడు కూడా ఇలాగే ఒక వరండాలో కూర్చుంది. అమ్మ ఊరెళ్లిందని చెప్పారు అందరూ. ఎన్నో నెలలు ఏ బస్సు ఆగినా వీధిలోకి పరిగెత్తేది.

"మనం మంచిమాటలే అన్నాం వదినగారూ," అంది ఇందుమతి. గొంతు పెంచలేదు. "మీరు పెరిగిందన్నారు, మా యంత్రం సంతోషమంది, నేను భయపడకన్నాను, డాక్టరమ్మ పాలగడ్డంది. ఒక్కరం కూడా చెడ్డమాట అనలేదు. జబ్బుకి మన మర్యాద తెలీదుగా."

ఇందుమతి లోపలికి వెళ్లి లహరి పక్కన కూర్చుంది. మిగతా ఇద్దరూ వెనకే వచ్చి నిలబడ్డారు.

"లహరీ, అది పాలగడ్డ కాదు. క్యాన్సర్."

లహరి రెండు చేతులూ కడుపు మీదికి వచ్చాయి. తర్వాత అడిగిన మొదటి మాట, "బిడ్డకి వస్తుందా?"

"రాదు. ఈ నెలల్లో మందు ఎక్కించవచ్చు. ఇచ్చే మందులు బిడ్డకి హాని చెయ్యవని చాలామందిలో చూశారు. కాన్పుకి మూడు వారాల ముందు ఆపుతారు. ఆపరేషన్ కాన్పయ్యాక చేస్తారు. పాలు మాత్రం ఇవ్వలేవు."

"నేను బతుకుతానా?"

"ఎక్కువమంది బతుకుతున్నారు. చంకలోకి పాకింది కాబట్టి కొంచెం కష్టం. నీ సంగతి చెప్పమంటే ఇంతవరకే చెప్పగలను."

"గాజు ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

ఇందుమతి నోరు తెరిచేలోపు వెనకనుంచి వీరవేణి అంది.

"పగిలిందమ్మా." ఆ మాట ఆమె నోటికి అలవాటు లేనిది, రాయిలా పడింది. "గాజు పగిలిందే. రెండోవారమే పగిలింది. గడప దాటుతుంటే తలుపు తగిలింది, నువ్వు చూసుకోలేదు. నేనే ముక్కలు ఏరి తులసికోటలో వేసి, నీకు తెలీకుండా దాని చోట మట్టిగాజు వేసేను."

లహరి అత్తగారి వైపు తిరిగి చూసింది. ఏడుపు అప్పుడొచ్చింది. వీరవేణి బెంచీ పక్కన నేలమీద కూలబడి కోడలి మోకాళ్లు పట్టుకుంది. మణికంఠ ఏం చెయ్యాలో తెలీక, భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి మధ్యా పట్టుకుని నిలబడ్డాడు.

* * *

గాజు పెరిగిందన్న మూడువందల పైచిలుకు మందికీ ప్రయోగశాలవాళ్లు ఇల్లిల్లూ తిరిగి కొత్త గాజులు తొడిగారు. ఈసారి గాజుల్లో మెరుపు కలిపించింది ఇందుమతి. రోజుకోసారి, ఉన్నాను అని చిన్న సంకేతం పంపేలా మార్చింది. బ్యాటరీ కాన్పుదాకా రాదు, మధ్యలో మార్చాలి. ఖర్చు రెట్టింపు. రంగప్రసాద్ ఎదురు చెప్పలేదు.

లహరి పదో మనిషి. కోరుకొండ దగ్గర ఒక పల్లెలో పదకొండో మనిషి దొరికింది. ఆమెకి అప్పటికే కాలేయంలోకి పాకిపోయింది. బిడ్డని ముందుగా తీశారు. బిడ్డ బతికాడు, తల్లి బిడ్డ ముఖం చూసి పోయింది. ఇందుమతి ఆ ఇంటికి వెళ్లి, గాజు పగిలిన సంగతి మా యంత్రానికి అర్థం కాలేదు అని ఆమె భర్తకి చెప్పింది. అతను అర్థమైనట్టూ కానట్టూ తలూపి, మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

రంగప్రసాద్ లెక్క సరిచేసి రాశాడు. పదివేలకి పదకొండు. ఈసారి మిఠాయి ఎవరూ తేలేదు.

లహరికి రెండుసార్లు మందు ఎక్కించాక జుట్టు దువ్వెనకి వచ్చేయడం మొదలైంది. ముత్తయిదువ నెత్తి బోడిగా ఉండకూడదని చుట్టుపక్కలవాళ్లు సణుగుతుంటే, వీరవేణి ఒకరోజు వీధిలోకెళ్లి నిలబడి, "మా కోడలికి క్యాన్సరండి, మందుకి ఊడింది, మళ్లీ వస్తుంది. ఇంకేమైనా కావాలా?" అని అడిగి వచ్చిందని మణికంఠ ఫోన్‌లో చెప్పాడు.

ఆడపిల్ల పుట్టింది. నెల తక్కువే, తూకమూ తక్కువే. కానీ ఏడుపు మాత్రం ఆసుపత్రి అంతా వినపడింది. పదిరోజులు పోయాక లహరికి మళ్లీ మందు మొదలైంది. ఆ తర్వాత ఆపరేషన్ జరిగింది. చంకలో తీసిన గడ్డల్లో జబ్బు ఇంకా కొంత మిగిలిందన్నారు. ఇంకో వరస మందు ఎక్కించాలన్నారు. మూడు నెలలకోసారి చూస్తూ ఉండాలి.

పాపకి ఆరోనెల వచ్చాక ఒక సాయంత్రం ఇందుమతి రామచంద్రపురం వెళ్లింది. లహరి తలకి పూల రుమాలు కట్టుకుని గోడకి చేరగిలబడి కూర్చుంది. నీరసంగా ఉంది. ఒళ్లో పాప సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయింది. పోయినవారం పరీక్షల ఫలితం ఇంకా రాలేదు. దాని గురించి ఎవరూ దాచడమూ లేదు, ఊరికే ఎత్తడమూ లేదు.

వాకిట్లో చీకటి పడుతోంది. వీరవేణి దేవుడి దగ్గర దీపం వెలిగించి, వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీసింది. అక్కణ్ణించే గట్టిగా అరిచింది.

"ఒరేయ్ మణికంఠా! బియ్యం అయిపోయాయిరా, మిల్లు కట్టేసేలోపు వెళ్లి పట్రా!"

వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న మణికంఠ ఆగిపోయాడు. లహరి తలెత్తింది. ఇందుమతీ చూసింది. దీపాలు పెట్టిన వేళ, బిడ్డ ఉన్న ఇల్లు, ఒంట్లో బాగాలేని పిల్ల.

వీరవేణి ఖాళీ డబ్బా చంకనెత్తుకుని గుమ్మంలోకి వచ్చి, ముగ్గురి ముఖాలూ చూసింది.

"ఏంటలా చూస్తున్నారు?" అంది. "అయిపోయాయి. అయిపోతే తెచ్చుకుంటాం."